జపాన్ వాళ్ళ విల్లాలో సినిమా

పోయిన వారం మన బాలామణిగారిని క్యాంపు ఆఫీసు వరండాలో, అంతమంది ఎదుట, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉండగా వదిలేసి వచ్చాం. ఆ చెయ్యి ఆవిడ ఇంకా దించలేదు.

సంగతి మరిచిపోయిన వాళ్ళకీ, ఈ వారమే పత్రిక చేతికందిన వాళ్ళకీ రెండు ముక్కల్లో చెబుతాను. జెడ్డాలో సముద్రపు నీళ్ళలోంచి ఉప్పు తీసి మంచినీళ్ళు చేసే ప్లాంటు ఒకటుంది. అందులో సీతారామయ్యగారు ఇంజనీరు. ఆయన వయసంతా బ్యాచిలర్ క్యాంపుల్లో, మంచం మీద మంచం వేసిన గదుల్లోనే గడిచింది. కిందటేడు ప్రమోషన్ వచ్చింది, దాంతోపాటు భార్యని తెచ్చుకుని ఉండనిచ్చే ఫ్యామిలీ ఇకామా వచ్చింది, కాకినాడ నుంచి బాలామణిగారు వచ్చారు. కంపెనీ వాళ్ళకిచ్చింది కాంపౌండు చివరి విల్లా. అంతకుముందు అందులో ఒక జపాన్ ఇంజనీరు, ఆయన భార్య ఉండేవారు. ఒకరోజు సామాన్లు సగం వదిలేసి వెళ్ళిపోయారు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఆ తరవాత నెలల తరబడి ఇంటికి తాళం.

ఆ ఇంటికి దయ్యాన్ని తెచ్చిపెట్టింది మాత్రం జెడ్డా పాతబస్తీ బలద్ బజారులో కొన్న ఒక సీడీ. సౌదీలో సినిమా హాళ్ళు లేవు కనక కాంపౌండులోకి ఒక సీడీ వచ్చిందంటే అది గీతలు పడి ఆగిపోయేదాకా ఇంటింటికీ తిరుగుతుంది. ఇది జపాన్ సినిమా. ఒక ఇల్లు, ఇంట్లో దయ్యం, ఆ ఇంట్లో అడుగు పెట్టిన వాళ్ళ వెంటపడి వాళ్ళ ఇళ్ళకి కూడా వచ్చే శాపం. మాటలు జపాన్‌వి, కింద అక్షరాలు అరబ్బీవి. మన ఆడవాళ్ళకి రెండూ రావు. బొమ్మలు చూసి ఎవరికి తోచిన కథ వాళ్ళు అల్లుకున్నారు. ఆ సినిమా ఇంట్లో ఉన్నట్టే బాలామణిగారి హాల్లోనూ జపాన్ వాళ్ళు వదిలేసిన పొట్టి బల్ల ఉంది, జరిపే తలుపు ఉంది. ఇంకేం కావాలి! పిల్లల్ని అటువైపు పంపడం మానేశారు. పేరంటానికి పిలిస్తే తలనొప్పులొచ్చాయి. చివరికి క్యాంపు చూసుకునే మనోహర్, హైదరాబాదు కుర్రాడు, పాపం మంచివాడే, అందరి తరఫునా మాట మోసుకొచ్చాడు. శనివారం పొద్దున విల్లాకి తాళం వేసేస్తారు, మీరు బలద్‌లో ఫ్లాటుకి మారండి అని.

"గురువారం మధ్యాహ్నం అందరూ మా ఇంటికి రండి," అంది బాలామణిగారు. "ఆ సినిమా మా హాల్లోనే కూర్చుని చూద్దాం. చూశాక కూడా ఇదే మాటంటే తాళం నేనే తెచ్చిస్తాను."

అక్కడ ఆపాం. ఇప్పుడు గురువారం మధ్యాహ్నమైంది.

అసలు ఈ ఇల్లంటే ఆవిడకెందుకంత పట్టుదలో చెప్పకుండా ముందుకు పోవడం అన్యాయం. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ కాకినాడలో బావగారింట్లో ఒక గదిలో ఉంది. వంటింట్లో ఆవిడ వంతు వచ్చేసరికి పొయ్యి చల్లారిపోయేది. గోడకి మేకు కొట్టాలంటే అడగాలి. ఈ విల్లాలోకి వచ్చిన మర్నాడు ఆవిడ చేసిన మొదటి పని సుత్తి తెప్పించుకుని హాల్లో ఒక మేకు కొట్టడం. దానికి ఏదీ తగిలించలేదు. కొట్టింది, అంతే. దాన్ని చూసుకుని ఆవిడ గర్వపడితే నాకు నవ్వు రాదు. నాకూ గర్వంగానే ఉంటుంది.

పిలిచినవాళ్ళంతా వచ్చారు. భయం ఎంతున్నా ఇంకొకరి ఇల్లు లోపలనుంచి చూడాలనే ఆశ అంతకంటే పెద్దది. అందరూ పైన వేసుకొచ్చిన నల్ల అబాయాలు విప్పి సోఫా మీద గుట్ట పోశారు. మనోహర్ భార్య నమ్రత అందరికంటే ముందొచ్చి తలుపుకి దగ్గరగా కూర్చుంది, లేచి పరిగెత్తడానికి వీలుగా. బాలామణిగారు సున్నుండలు, జంతికలు పళ్ళేల్లో పెట్టి తెచ్చింది. ఎవరూ ముట్టుకోలేదు.

"తినండమ్మా, దయ్యం చేసినవి కావు, నేనే చేశాను," అందావిడ.

కొందరు నవ్వారు. అప్పుడే కళ్ళజోడు తుడుచుకుంటూ హమీదున్నీసా వచ్చింది. కడప అమ్మాయి. అరబ్బీలో ఎమ్మే చదివి ఇక్కడ ఆడవాళ్ళ క్లినిక్కులో డాక్టర్లకీ పేషెంట్లకీ మధ్య మాటలు తర్జుమా చేసి చెబుతుంది. ఇన్నాళ్ళూ ఈ సినిమా చదివి చెప్పమని ఆవిణ్ణి అడగాలని ఎవరికీ తోచకపోవడమే నాకు అన్నిటికంటే వింత. అడిగింది బాలామణిగారు ఒక్కతే.

"తెలీకుండా భయపడ్డం నాకిష్టం లేదు," అని చెప్పిందావిడ అందరికీ. "హమీదా చదివి చెబుతుంది. భయపడాల్సిందే అయితే తెలిసి భయపడదాం."

పరదాలు వేశారు. ఏసీ చప్పుడు తప్ప ఇంకేం లేదు. సినిమా మొదలైంది.

ఒక పాత ఇల్లు. ముసలి అత్త, కొత్త కోడలు. వీధి గుమ్మానికి అటూ ఇటూ చిన్న చిన్న పళ్ళేల్లో తెల్లగా ఏదో కుప్పలు పోసి ఉంది. కోడలు చీపురు పట్టుకుని వచ్చింది.

హమీదున్నీసా చదువుతోంది. "అత్త అంటాండాది, 'అమ్మీ, ఆ ఉప్పు తియ్యాకు, గుమ్మంలో ఉండనీ' అని. ఆ పిల్లేమో 'ఇల్లంతా కాళ్ళకి గరగరలాడతాదత్తా' అంటాంది. చూడండి, చిమ్మేసింది."

బాలామణిగారు పళ్ళెం దించేసి లోపలి స్టోరు గది వైపు తల తిప్పింది. ఎవరూ చూడలేదు. నేను చూశాను కనక చెబుతున్నాను.

ఆ సాయంత్రం నుంచి సినిమాలో ఆ ఇంటి గుమ్మం దగ్గర ఒక జత చెప్పులు ఎక్కువగా కనిపించడం మొదలైంది. తడిసిన చెప్పులు. ముక్కులు ఇంట్లోకి తిరిగి ఉంటాయి. ఆ తరవాత తడి జుట్టు మొహమ్మీద పడిన ఆడమనిషి. కాంపౌండులో పిల్లలు జ్వరాలు తెచ్చుకున్నది ఈ మనిషిని చూసే. తలుపు దగ్గర నిలబడి సన్నగా ఏదో అరుస్తుంది. ఆ అరుపు వినగానే నమ్రత చెవులు మూసుకుంది.

"గదే ఆంటీ, గదే శాపం. గట్ల అన్నంక ఎవ్వరు బతకరు."

"శాపం కాదు నమ్రతా," అంది హమీదున్నీసా. "ఆ పిల్ల 'నేనొచ్చినా' అంటాంది. అంతే. ఈ ఇంటికి మొదటి కోడలంట. కరువు కాలంలో నీళ్ళకని పంపిచ్చినారు. ఆలస్యమైందని తలుపు తియ్యలేదు. ఆ రాత్రే వానొచ్చింది, ఆ వానలో వాకిట్లోనే పోయింది. అప్పుట్నించీ రోజూ వస్తాది, 'నేనొచ్చినా' అంటాది. తలుపు తియ్యరు. ఉప్పు పోసింది ఆ పిల్ల లోపలికి రాకుండానే."

ఆ హాల్లో ఉన్న ఇంతమందీ సొంత ఇళ్ళు ఎక్కడో వదిలేసి, పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ రీఎంట్రీ ముద్ర పడితే తప్ప గడప దాటలేని వాళ్ళు. సెలవుకి వెళ్ళినప్పుడు మన ఊళ్ళో మన గదిలో ఇంకెవరిదో మంచం వేసి ఉండడం అందరికీ తెలుసు. ఒకావిడ చీర చెంగుతో ముక్కు తుడుచుకుంది. ఆవిణ్ణి చూసి ఇంకొకావిడ మొదలెట్టింది. సినిమా చివర కోడలు తలుపు తీసి, ఆ తడి మనిషి చెప్పుల్ని తన చేత్తో లోపల పెట్టేసరికి నమ్రత వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"గింతేనా!" అంది కళ్ళు తుడుచుకుంటూ. "అయ్యో పాపం. మేమేమో ఊకనే భయపడ్డం. ఆంటీ, నేను మా ఆయనకు చెప్త. మీరేం ఇల్లు మారకుండ్రి. మా పిల్లల్ని రేపట్నుంచి తోలిస్త."

పరదాలు తీశారు. ఎండ లోపలికొచ్చింది. సున్నుండల పళ్ళెం ఖాళీ అయింది. ఎవరో వంటింట్లోకి వెళ్ళి చూసి, ఇంత పెద్ద గట్టు ఏం చేసుకుంటారండీ అని అసూయ పడ్డారు. బాలామణిగారు గెలిచింది. ఇల్లు ఆవిడది. ఆ మేకు ఆవిడది. నోరు మూసుకుని టీ పోస్తే చాలు.

ఆవిడ టీ పోయలేదు.

"అందరూ ఒక్క నిమిషం కూర్చోండి," అంది. "మీకో మాట చెప్పాలి. మేం ఈ ఇంట్లో దిగిన రోజున ఇక్కడా ఉప్పు ఉంది."

నవ్వులు ఒకటొకటిగా ఆగిపోయాయి.

"లోపల స్టోరు గది గుమ్మం దగ్గర. అచ్చం అలాంటి పళ్ళేలే, అలాంటి కుప్పలే. నాకేం తెలుసు జపాన్ వాళ్ళ పద్ధతి? మన వైపు గుమ్మంలో ఉప్పు పడి ఉందంటే ఎవరో దిష్టి తీసి పడేసినట్టే కదా? తొక్కితే మనకి చుట్టుకుంటుందని చేత్తో ముట్టుకోకుండా చీపురుతో ఎత్తి, బాత్రూంలో పోసి నీళ్ళు కొట్టేశాను. పసుపునీళ్ళతో కడిగాను. దీపం పెట్టాను. మంచి పని చేశాననే అనుకున్నాను. ఆ రోజు సాయంత్రం నుంచీ ఆ గదిలో చప్పుళ్ళు."

"ఎట్లాంటి సప్పుడు?" అంది నమ్రత సగం లేచి.

"ఎవరో మెల్లిగా పక్క సర్దుకుంటున్నట్టు. ఆయనేమో ఏసీ గొట్టం అంటారు. తెరిచి చూపించారు కూడా. ఖాళీ గది. నాలుగు గోడలు, ఒక అలమర. ఎవరూ లేరు. చప్పుడు మాత్రం నిజం."

ఆ తరవాత జరిగిన దాన్ని వర్ణించాలంటే నాకు ఇంకో రెండు పేజీలు కావాలి, ఎడిటరుగారు ఇవ్వరు. అందరూ ఒక్కసారి లేచారు. సోఫా మీద అబాయాల గుట్ట మీద పడ్డారు. నల్లగుడ్డల్లో ఎవరిది ఏదో ఎవరికి తెలుస్తుంది? పొడుగావిడకి మోకాళ్ళ దాకా వచ్చింది. పొట్టావిడ రెండు మూరలు నేల మీద ఈడ్చుకుంటూ పరిగెత్తింది. ఒకావిడ చేతులు దూర్చాల్సిన చోట తల దూర్చి గోడకి తగిలింది. భయంలో కూడా ఆవిడ "సున్నుండలు బావున్నాయండీ" అనే వెళ్ళింది, గోదావరి మనిషి అయ్యుంటుంది.

నమ్రత గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. కళ్ళలో ఇంకా సినిమా కన్నీళ్ళే ఉన్నాయి.

"చెప్పకపోతే ఏమైతుండె ఆంటీ? అందరం ఒప్పుకున్నంక ఎందుకు చెప్పిండ్రు?"

"నా ఇంటికి మీ పిల్లల్ని పంపుతానన్నావు కదమ్మా," అంది బాలామణిగారు. "నా ఇంట్లో ఏముందో తెలిసే పంపాలి. నిన్ను మోసం చేసి నీ పిల్లాడికి నేను సున్నుండ పెట్టనా? అలా దక్కించుకున్న ఇల్లు నాకెందుకు? నా కంటికి నేనే ఆనను."

నమ్రత వెళ్ళిపోయింది. బాలామణిగారి స్థానంలో నేనుంటే చెప్పేవాణ్ణో లేదో నాకు తెలీదు. ఆవిడ చెప్పింది. నా కథలో ఇలాంటి మనిషి ఉన్నందుకు నేను కాలరెగరేస్తాను, మీరేమన్నా అనుకోండి.

కాసేపటికి సీతారామయ్యగారు వచ్చారు. దారిలో పొట్టి అబాయాలూ పొడుగు అబాయాలూ పరిగెడుతుంటే చూసే వచ్చారు. ఆయన ఎవరికీ ఎదురు చెప్పే మనిషి కాదు. సూపర్‌వైజరు పగటిని రాత్రి అంటే చంద్రుణ్ణి వెతికే రకం. బాలామణిగారు జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి విన్నారు.

"నమ్రత చెప్పిందట, మనోహర్ ఇప్పుడే ఫోన్ చేశాడు," అన్నారు. "శనివారం ఖాయమట. తాళంతో పాటు వెల్డింగు మనిషిని కూడా తెస్తారట. బయట గేటుకి అతుకు పెట్టేస్తారు, ఇంకెవరూ పోకుండా."

"మీరేమన్నారు?"

"మా ఆవిడ అబద్ధం చెప్పుంటే ఇల్లు ఉండేది, నిజం చెబితే పోయింది. ఇదేం న్యాయమయ్యా అన్నాను. మమ్మల్ని ఇందులోంచి పంపాలంటే నా పాస్‌పోర్టు మీద ఫైనల్ ఎగ్జిట్ కొట్టి కాకినాడకే పంపండి, బలద్‌కి మాత్రం పోను అన్నాను."

బాలామణిగారు మొగుణ్ణి కొత్తగా చూసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన గొంతు లేచిన సందర్భం ఆవిడకి గుర్తు లేదు. ఆ ఉద్యోగం పోతే ఇద్దరికీ కాకినాడలో ఉండేది మళ్ళీ ఆ ఒక్క గదే. అది ఆయనకీ తెలుసు. తెలిసే అన్నారు.

"నిజంగానే అన్నారా?"

"అన్నాను. అన్నాక అన్నది నేనేనా అని అటూ ఇటూ చూశాననుకో. అది వేరే సంగతి." ఆయన చెప్పులు విప్పారు. "మనోహర్ ఆఫీసులోనే ఉన్నాడట. ఎదురుగా చెప్పొస్తేగానీ నమ్మడు. టీ తాగి వెళ్తాను."

టీ తాగారు, వెళ్ళారు. గేటు దాకా ఆయన్ని చూస్తూ నిలబడిన బాలామణిగారి మొహం మీకు చూపించగలిగితే ఈ వారానికి ఇంకేం రాయక్కర్లేదు.

ఇంట్లో హమీదున్నీసా ఒక్కతే మిగిలింది. భయం లేక కాదు, ఆవిడ అబాయా ఎవరో వేసుకుపోయారు. స్టోరు గది ముందు నిలబడి కళ్ళజోడు సర్దుకుంటోంది.

"అక్కా, ఉప్పు సరిగ్గా యాడుండె?"

"ఇదిగో ఇక్కడ. గడపకి ఇవతల, హాలు వైపు."

"సినిమాలో వీధి గుమ్మానికి పెట్టినారు, బయట్నించి రాకుండా. ఈడ వీధి గుమ్మానికి పెట్టలా. ఈ గదికి పెట్టినారు." హమీదున్నీసా ఒక అడుగు వెనక్కి వేసింది. "అంటే లోపలుండేది బయటికి రాకుండా కదక్కా?"

ఇంతసేపూ బాలామణిగారి మనసులో ఉన్న దయ్యం ఒక తడి జుట్టు జపాన్ మనిషి, వీధిలోంచి వచ్చేది. ఇప్పుడది ఈ తలుపు వెనకే ఉంది, మొదట్నుంచీ ఉంది, తాము వచ్చేనాటికే ఉంది. ఆవిడకి భయం వేసింది. చాలా భయం వేసింది. అలాగే నిలబడింది. సాయంకాలపు అసర్ నమాజుకి మసీదులో పిలుపు మొదలైంది. హమీదున్నీసా తల మీద చున్నీ వేసుకుని పెదవులు కదుపుతోంది. పిలుపు అయ్యేదాకా ఇద్దరూ కదల్లేదు.

అయ్యాక బాలామణిగారు చెంగు బొడ్లో దోపి తలుపు దగ్గరికి వెళ్ళింది.

"నాకు నీ భాష రాదమ్మా," అంది తలుపుతో. "నాకొచ్చిన భాషలో చెబుతాను. ఇది నా ఇల్లు. నా మొగుడు ఇన్నేళ్ళు ఎడారిలో ఒంటరిగా పడుండి సంపాదించిన ఇల్లు. ఇవాళ దీనికోసం ఆయన జన్మలో మాట్లాడని మాట మాట్లాడాడు. నువ్వెవరో నేనెరగను. నీకు పెట్టిన కాపలా తెలీక నేనే తీసేశాను, అది నా వల్లే జరిగింది. కానీ నిన్ను చూసి ఊరంతా పారిపోయినా నేను పారిపోను. నీకేం కావాలో చెప్పు. ఇవ్వగలిగింది ఇస్తాను. ఇల్లు మాత్రం ఇవ్వను."

లోపల పక్క సర్దుకునే చప్పుడు వినిపించింది. ఆగింది.

హమీదున్నీసా బాలామణిగారి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఏసీ ఆగి ఉంది. గొట్టమని చెప్పుకోడానికి కూడా ఏమీ లేదు.

తలుపుకి ఆనుకుని, చాలా దగ్గరగా, ఒక ఆడగొంతు వచ్చింది. దప్పికతో ఎండిపోయిన గొంతు.

"మీదే ఊరమ్మా?"

తెలుగు. బాలామణిగారి నోరు దానంతటదే జవాబిచ్చింది, పరాయి దేశంలో తెలుగు వినపడితే ఎవరి నోరైనా ఇస్తుంది.

"కాకినాడ. మీదో?"

"మాది మెట్‌పల్లి దిక్కు. ముత్యవ్వ అంటరు. జపాన్ దొరసాని ఇంట్ల పనికొచ్చిన."

బాలామణిగారు గడియ మీద చెయ్యి వేసింది. లోపలి గొంతు గబగబా అంది.

"అమ్మా, మీ కాళ్ళు మొక్కుత, ఇల్లిడిసిపెట్టి పోకుండ్రి. పోయినసారి సుత గిట్లనే దయ్యమన్నరు. గిట్లనే తాళమేసిండ్రు. లోపల నేనున్ననని ఒక్కరన్న అడగలే. నీళ్ళు నీళ్ళు అనుకుంటనే పానం పోయింది."

బాలామణిగారు గడియ తీసింది.